నాలుగో అంకె

ఆగస్టు 3, ఆదివారం

ఇది ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ఇవాళ డాడీ ఒక మనిషిని కారుతో గుద్దబోయాడు.

ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే సండే స్కూల్ పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించుకుని అబిడ్స్‌లో బయల్దేరాం. వాళ్లను ఇళ్ల దగ్గర దింపడం డాడీ పని. మమ్మీ ఉన్నప్పటి నుంచీ అదే అలవాటు. నాంపల్లి స్టేషన్ దగ్గర మలుపు తిరుగుతుంటే కుడివైపు నుంచి ఒకామె చంకలో పిల్లనెత్తుకుని రోడ్డు దాటుతోంది. పక్క సీట్లో ఉన్న నాకు కనిపించింది. స్టీరింగు పట్టుకున్న డాడీకి కనిపించలేదు. "డాడీ!" అని అరిచాను. ఆయన బండి ఎడమకు కోశాడు. ఆగి ఉన్న ఆటోకి తగిలి దాని అద్దం విరిగింది. ఆమె పిల్లను గుండెకు అదుముకుని అక్కడే నిలబడిపోయింది. తిట్టనైనా తిట్టలేదు.

"గామె ఎక్కడికెల్లి వచ్చింది?" అన్నాడు డాడీ.

ఆమె మొదటి నుంచీ అక్కడే ఉంది.

వెనక పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. డాడీ ఆటో అతనికి నచ్చజెప్పి వచ్చి రేడియో సెట్టు పెట్టాడు. పెన్‌డ్రైవ్‌లో మమ్మీ వాళ్ల క్వయర్ ప్రాక్టీసు పాటలు.

ఆగస్టు 4, సోమవారం

అద్దం సంగతి డాడీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

ఇక కారు తోలొద్దని డాడీకి ఇవాళ చెప్పాలనుకున్నాను. ట్రావెల్స్ ఆఫీసు నుంచి వచ్చేసరికి డాడీ ఫోన్లో ఉన్నాడు. పిల్లల తల్లిదండ్రులతో ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాడు. "ఔ, గీ ఆదివారం గూడ నేనే తోల్కొస్త. ఏం ఫికర్ జెయ్యకుండ్రి." ఆ గొంతులో ఎంత హుషారు! మమ్మీ పోయాక ఆయన గొంతు అలా ఉండేది ఈ ఫోన్లప్పుడే.

అన్నం పెడుతూ, "డాడీ, కొన్నాళ్లు ఆటోలో వెళ్దామా?" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. ట్రాఫిక్ బాగా పెరిగింది కదా."

"నేను తోలవట్టి ఎన్నేండ్లాయె. ట్రాఫిక్ నాకు జూపిస్తున్నవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నలభై దాటిన దాన్ని. నవ్వి పప్పు గిన్నె ముందుకు జరిపాను.

ఆగస్టు 10, ఆదివారం

చేశాను.

డాడీ స్నానానికి వెళ్లగానే తాళంచెవి తీసుకుని సెల్లారులోకి దిగాను. బానెట్ తెరిచి బ్యాటరీకి ఉన్న నల్ల తీగ పట్టు ఊడదీశాను. అది ఎప్పటి నుంచో వదులుగానే ఉంది, చేత్తోనే వచ్చేస్తుంది. బండి స్టార్ట్ కాకపోతే ఆటోలో వెళ్తాం, అంతే. మెట్ల దాకా వెళ్లాక భయం వేసింది. డాడీ బానెట్ తెరిస్తే ఊడిన తీగ కంటికి కనిపిస్తుంది. వెనక్కి పరుగెత్తి మళ్లీ తగిలించేశాను. నా వల్ల ఏదీ పూర్తిగా కాదు.

కానీ డాడీ కిందికి వచ్చి తాళం తిప్పగానే సెట్టు మొదలుపెట్టింది. టీ, టీ, టీ. తెరమీద ఇంగ్లీషులో 'కోడ్' అని ఒక్క మాట. పక్కన ఎర్ర లైటు కొట్టుకుంటోంది. డాడీ అన్ని మీటలూ నొక్కాడు. మోత ఇంకా పెరిగింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గోపాలరావు అంకుల్ బనియన్ మీదే దిగి వచ్చాడు.

"సెట్టు దొంగలు ఎత్కపోతే పనికి రాకుండ ఉండనీకి పెడ్తరు గీ అలారం," అన్నాడు. "కరెంటు పోయి వస్తే సెట్టు ఇట్లనే కోడ్ అడుగుతది. మీ కోడ్ ఎంత?"

డాడీకి తెలియదు. ఆ కారు మేము సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కోడ్ సంగతి మాకెవరూ చెప్పలేదు.

"గీ మోతతోని పిల్లలనెట్ల ఎక్కిచ్చుకుంట, చెవులు పోతయి," అన్నాడు డాడీ. ఆటోలో వెళ్లాం. పిల్లల్ని వేరేవాళ్లు దింపారు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకు ఆ నల్ల తీగే కనిపించింది. అయినా మనసు తేలిగ్గా ఉంది. అది కూడా రాయాలి.

ఆగస్టు 12, మంగళవారం

ఆఫీసుకు సెలవు పెట్టి డాడీతో అబిడ్స్ వెళ్లాను. బండి మెకానిక్ కుర్రవాడు తోలాడు. మోతకు రోడ్డంతా మావైపే చూసింది. కారు సెట్లు అమ్మే రత్నాకర్ షాపు. రత్నాకర్ మనిషి నెమ్మది. సెట్టు బయటికి తీసి, వెనక ఉన్న నంబరు చూసి, ఎవరికో ఫోన్ చేసి కోడ్ తెప్పించాడు. నాలుగు అంకెలు. ఒకటో మీట నొక్కితే ఒకటో అంకె మారుతుంది, రెండోది నొక్కితే రెండోది. అలా నాలుగూ సరిచేసి గట్టిగా నొక్కాడు. మోత ఆగి మమ్మీ గొంతు వచ్చింది.

డాడీ కళ్లు తుడుచుకున్నాడు. "రెండు దినాలాయె వినక," అన్నాడు నాతో.

నేను బయటికి వచ్చి రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

ఆగస్టు 16, శనివారం

డాడీ సాయంత్రం చర్చి కమిటీకి ఇంకో సభ్యుడి బండి మీద వెళ్లాడు. నేను సెల్లారులోకి వెళ్లాను. తీగ తీశాను, పెట్టాను. రెండు నిమిషాల పని.

ఇందులో దొంగతనం ఏముంది? ఎవరిదీ తీసుకోలేదు. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆగస్టు 17, ఆదివారం

కోడ్ తెలుసు కదా, వెంటనే పెట్టేస్తాడని రాత్రంతా భయపడ్డాను. పెట్టలేకపోయాడు. మూడుసార్లు ప్రయత్నిస్తే సెట్టు పూర్తిగా బిగుసుకుపోయి ఇంకా గట్టిగా అరిచింది. "రత్నాకర్ తప్పు కోడ్ ఇచ్చిండు," అన్నాడు డాడీ. ఆయన మతిమరుపు నాకు కలిసొచ్చింది అనుకున్నాను.

పిల్లల్ని మళ్లీ వేరేవాళ్లే దింపారు.

ఆగస్టు 19, మంగళవారం

రత్నాకర్ అవే నాలుగు అంకెలు పెట్టాడు. సెట్టు తెరుచుకుంది.

"కోడ్ కరెక్టే సార్. సెట్ల గూడ ఏం ఖరాబు లేదు. దీనికి కరెంటు కట్ అయితున్నది. ఎవరన్న వైరు గుంజుతున్నరేమో చూడుండ్రి."

"ఎవడు గుంజుతడు?"

"సెట్టు తీసుకపోనీకి జూస్తున్నరేమో. లేకుంటే బ్యాటరీ తాన వదులుంటది. నేను జర బిగిస్త."

బిగించాడు. వచ్చేటప్పుడు కూడా మెకానిక్ కుర్రవాడే తోలాడు. డాడీ దారంతా ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక, "జంగమ్మ తాన ఒక తాళంచెవి ఉన్నది గదా," అన్నాడు.

జంగమ్మ మా అపార్ట్‌మెంట్‌లో కార్లు కడుగుతుంది. జోగిపేట వైపు పల్లె. లోపల తుడవడానికి మమ్మీయే ఆమెకు ఒక తాళంచెవి ఇచ్చింది. మమ్మీ మంచంలో ఉన్నప్పుడు పొద్దున్నే వచ్చి ఆమె జుట్టు దువ్వేది జంగమ్మ. నాకు రానంత బాగా దువ్వేది.

"ఛ, ఆమె ఎందుకు చేస్తుంది డాడీ," అన్నాను. అంతే అన్నాను.

ఆగస్టు 20, బుధవారం

ఆదివారానికి ఇంకా టైముంది. కానీ డాడీ రేపు అఫ్జల్‌గంజ్ దాకా తానే తోలుకుని వెళ్తానన్నాడు. అక్కడి రద్దీ తెలుసు. పట్టు గట్టిగా ఉంది. స్పానరుతో తీసి, మళ్లీ బిగించాను.

ఆగస్టు 21, గురువారం

పొద్దున సెల్లారు నుంచి అరుపులు వినిపించి పరుగెత్తాను. సెట్టు అరుపు, డాడీ అరుపు. జంగమ్మ చేతిలో తడి బట్టతో నిలబడి ఉంది. గోపాలరావు అంకుల్, పై అంతస్తుల వాళ్లు, వాచ్‌మన్ బాలమల్లు, అందరూ ఉన్నారు.

"నీ తానే గదా తాళం ఉన్నది! నువ్వు గాకుంటే ఇంకెవలు?"

"నాకు గా డబ్బతోని ఏం పని సార్? నేను అద్దాలు తుడుస్త, కిందికెల్లి మట్టి తీస్త. గంతే."

"మరి ఎట్లయితున్నది?"

"నాకెట్ల ఎర్క సార్?" ఆమె నావైపు తిరిగింది. "మీరన్న చెప్పుండ్రి మేడమ్. గిన్నేండ్ల సంది జూస్తలేరా నన్ను?"

అందరూ నావైపు చూశారు. నోరు తెరిచాను. "డాడీ, పైకి పద, బీపీ పెరుగుతుంది," అన్నాను.

ఆ మాటే అన్నాను.

గోపాలరావు అంకుల్ ఆమె దగ్గర ఉన్న తాళంచెవులన్నీ తీసేసుకున్నాడు. తేలేదాకా ఏ కారూ ముట్టవద్దన్నాడు. జంగమ్మ బట్ట పిండి బకెట్ అంచు మీద ఆరేసి, చెప్పులు వేసుకుని, ఎవరివైపూ చూడకుండా గేటు దాటింది.

ఆగస్టు 22, శుక్రవారం

రేపు చెప్తాను.

ఆగస్టు 23, శనివారం

చెప్పలేదు. ఇంకొకటి జరిగింది.

డాడీ తానే కోడ్ పెడతానని కారులో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎలాగైనా ఆయన తప్పు పెడతాడని, కావాలంటే నేనే మధ్యలో మాట్లాడి మరిపిస్తానని. అందుకే కూర్చున్నాను. అది కూడా రాయాలి.

డాడీ అంకెలు గుర్తు తెచ్చుకుని పైకి చదివాడు. తప్పు లేదు, నాలుగూ చెప్పాడు. ఒకటో మీట నొక్కి ఒకటో అంకె సరిచేశాడు. రెండోది. మూడోది. ఆగాడు.

"నాలుగోది ఎక్కడ పెట్టాలె? గీ తెరమీద మూడే ఉన్నయి."

తెరమీద నాలుగు ఉన్నాయి. నాలుగోది కుడి అంచున, సున్నా, వెలిగి ఆరుతోంది. చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది.

"డాడీ, తెరమీద ఏమేం ఉన్నాయో చెప్పు."

చెప్పాడు. మూడు అంకెలు చెప్పాడు. నేను ఆయన గడ్డం పట్టుకుని తల కొంచెం కుడికి తిప్పాను.

"ఓ, గిదిక్కడ ఉన్నదా," అన్నాడు.

కారు దిగి ఆయన డోరు వైపుకు, కుడి పక్కకు వెళ్లి నిలబడ్డాను. చెయ్యి ఊపాను. డాడీ ఎదురుగా గోడ చూస్తున్నాడు. "జెర్లిన్, యాడికి పోయినవ్?" అన్నాడు. నేను ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉన్నాను.

నెల రోజులుగా కంచంలో కుడివైపు కూర అలాగే మిగులుతోంది. ఆకలి తగ్గింది అనుకున్నాను. చొక్కా కుడి చెయ్యి మడత విప్పకుండా బయటికి వెళ్లేవాడు. వయసు అనుకున్నాను. రోడ్డు దాటుతున్న ఆమె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాడు. నిజంగానే అడిగాడు.

ఆయన మొండి అనుకున్నాను. మతిమరుపు అనుకున్నాను. ఆయన్ని కారుకు దూరం చేయడానికి ఇన్ని ఉపాయాలు పన్నానే, ఒక్కసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్న ఆలోచన నాకు ఎందుకు రాలేదు? వచ్చింది. కానీ తీసుకెళ్లాలంటే ఎందుకో ఆయనతో చెప్పాలి. చెప్పడం కంటే తీగ పీకడం సులువు.

ఆగస్టు 25, సోమవారం

కంటి డాక్టరు రెండు నిమిషాలు చూసి, "ఇది కంటి సమస్య కాదు," అని పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ తలకు స్కాన్ తీశారు. మెదడు వెనక భాగంలో, ఎడమవైపు రక్తం గడ్డకట్టిన గుర్తు. నొప్పి లేకుండా, చెయ్యీ కాలూ పడకుండా వచ్చి వెళ్లిన పక్షవాతం. రెండు కళ్లకూ కుడి సగం చూపు లేదు.

"ఎన్నాళ్లయింది?" అంది డాక్టరమ్మ.

"నిన్నమొన్ననే తెలిసింది," అన్నాడు డాడీ.

ఆమె నావైపు చూసింది. "ఆగస్టు మూడుకి ముందే," అన్నాను. "ఆ రోజు నేను చూశాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "పోయిన చూపు గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా. కానీ రెండోది రాకుండా మందు అప్పుడే మొదలవ్వాల్సింది. ఇన్నాళ్లూ రాకపోవడం మీ అదృష్టం," అని చీటీ రాసింది. "ఇక డ్రైవింగ్ వద్దు సార్."

డాడీ తల ఊపాడు. ఇంతేనా? నేను భయపడినదంతా ఈ ఒక్క తల ఊపుకేనా?

ఆసుపత్రిలో ఉంచుకున్నారు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఖైరతాబాద్ వైపు జనంతో రోడ్లన్నీ నిండిపోయాయి. అయినా ఇవాళే డిశ్చార్జ్ చేశారు. ఆటోలో చుట్టూ తిరిగి వచ్చాం. దారిలో డాడీ, "నాకు కానరాక కోడ్ పెట్టలేకపోయిన, సరే. మరి గా కరెంటు కట్ చేసింది ఎవరు? గా జంగమ్మే," అన్నాడు.

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కూడా.

ఆగస్టు 28, గురువారం

జంగమ్మ ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్లాను. నాంపల్లి వెనక సందుల్లో ఒకటే గది, కిరాయిది. ఆమె బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. తీగ సంగతి, డాడీ కన్ను సంగతి, అన్నీ. ఏడుపు వచ్చింది.

ఆమె చేట కింద పెట్టింది.

"మీరు ఏడ్వకుండ్రి మేడమ్. నాకు మంచిగనిపిస్తలేదు."

"నన్ను క్షమించు జంగమ్మా."

"గది నాకు ఈడ చెప్తే ఏమొస్తది? గాడ అందరి ముంగట నన్ను దొంగ అన్నరు. బాలమల్లు ఇన్నడు, గా రావు సారు ఇన్నడు. పక్క అపార్ట్‌మెంటోళ్లు గూడ పనిలకెల్లి తీసేసిన్రు నన్ను. అందరి ముంగట చెప్పుండ్రి."

"చెప్తాను."

"గీ మాట దేవుని ముంగట అంటున్నరా, ఊకెనే అంటున్నరా?"

మళ్లీ చెప్పాను, చెప్తానని. ఆమె చేట తీసుకుంది.

ఆగస్టు 30, శనివారం

రేపు పొద్దున సెల్లారులో అసోసియేషన్ మీటింగ్. జంగమ్మను రమ్మని బాలమల్లుతో కబురు పంపాను. ముందుగా డాడీకి చెప్పాలి. ఆయన అందరి మధ్య మొదటిసారి వినకూడదు. మందులు ఇచ్చేటప్పుడు చెప్దామనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గనుక కనిపెట్టకుంటే నేను ఎవరినో సంపుతుంటి బిడ్డా," అన్నాడు.

చెప్పకుండానే మందుల గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆగస్టు 31, ఆదివారం

సెల్లారులో పెట్టిన వినాయకుడి మండపం ముందు కుర్చీలు వేశారు. డాడీ మొదటి వరసలో. జంగమ్మ గేటు దగ్గర, లోపలికి రాకుండా. గోపాలరావు అంకుల్ నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడి ఆపగానే లేచాను.

"మా కారు రేడియో వైరు జంగమ్మ తీయలేదు. నేను తీశాను. మూడుసార్లు. డాడీ కారు తోలకూడదని తీశాను. ఆమెను దొంగ అన్నప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. తెలిసీ నోరు విప్పలేదు."

ఎవరో వెనక, "కన్న బిడ్డే గిట్లా చేసిందా," అనడం వినిపించింది. డాడీ వైపు చూడలేకపోయాను. చూశాను. ఆయన ముఖం నేను ఎప్పుడూ చూడనంత చిన్నదైపోయింది. ఆయన తోలలేడని నేను అనుకున్న సంగతి ఆయనకు చెప్పకుండా ఊరందరికీ చెప్పాను. ఒకరి పరువు తిరిగి ఇవ్వడానికి ఇంకొకరిది తీశాను.

డాడీ లేచాడు. జంగమ్మ ఆయనకు కుడివైపున ఉంది. మెడ పూర్తిగా తిప్పితే గానీ కనిపించలేదు. వెతికి, కనిపించాక, కుర్చీలు పట్టుకుంటూ ఆమె దగ్గరికి నడిచాడు. అందరి ముందూ చేతులు జోడించాడు.

"తప్పయింది జంగమ్మా. నోరు జారిన."

జంగమ్మ ఆయన చేతులు కిందికి దించింది. "గట్ల మొక్కకుండ్రి సార్. మీకు కానరాక అన్నరు." నావైపు చూసింది. "మేడమ్‌కు అన్ని మంచిగనే కానొచ్చినయి."

గోపాలరావు అంకుల్ పనిలోకి రమ్మన్నాడు. జీతం పెంచుతామన్నారు ఎవరో. ఆమె రానంది. సుల్తాన్ బజార్‌లో ఏదో బట్టల షాపులో ఊడ్చే పని మాట్లాడుకుందట. "గీడ పని చేస్తే ఎవల సామాను కానరాకున్నా నన్నే జూస్తరు," అని వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 2, మంగళవారం

డాడీ మాట్లాడటం లేదు. మందులు చేతిలో పెడితే వేసుకుంటాడు. కంచంలో కుడివైపు కూర మిగిలితే కంచం తిప్పి పెడుతున్నాను. తింటాడు. మాట్లాడడు.

సెప్టెంబర్ 4, గురువారం

రత్నాకర్ ఫోన్ చేశాడు. "సెట్టు మల్ల ఏమన్న సతాయిస్తున్నదా మేడమ్?" లేదని చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

పొద్దున డాడీ తెల్ల చొక్కా వేసుకుని, చేతికర్ర తీసుకుని, "ఆటో వద్దు. నడుస్త," అన్నాడు. వారం తర్వాత మొదటి మాట. నాతో అన్నాడో, తనలో తాను అన్నాడో తెలియదు. వెనకే బయల్దేరాను. రెండడుగులు వేశాక ఆయన కుడి పక్కకు మారాను.

అబిడ్స్ పెద్ద రోడ్డు దగ్గర ఆగాం. నిన్నటి నిమజ్జనం రంగులు ఇంకా తారు మీద ఉన్నాయి. సిగ్నల్ పని చేయడం లేదు. కుడివైపు నుంచి ఒకదాని వెనక ఒకటి బండ్లు వస్తూనే ఉన్నాయి. డాడీ కర్ర నేలకు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మెడ కుడికి తిప్పి చూడబోయి, మానేశాడు.

"గా దిక్కుకెల్లి ఏమొస్తున్నదో చెప్పు," అన్నాడు.

రోడ్డు మలుపు దాకా చూశాను.

"బస్సు వస్తోంది డాడీ. ఆగు."

బస్సు వెళ్లింది. దాని వెనక రెండు ఆటోలు. ఆగమన్నాను. ఆగాడు.

"ఇప్పుడు?"

ఒకసారి చూశాను. మళ్లీ చూశాను. మూడోసారి కూడా చూశాను.

"ఇప్పుడు ఏమీ లేదు డాడీ."

ఆయన తల తిప్పి సరిచూసుకోలేదు. నా మాట మీద రోడ్డు మీదకు అడుగు వేశాడు.